ఛార్జరు కంటే ముందు చెంబెడు నీళ్లు

కరెంటు బండి కొన్నవాళ్లు మనకు ఫోన్ చేసి, "అన్నా, వచ్చి ఛార్జరు పెట్టిపో" అంటారు. వాళ్ల దృష్టిలో అది గోడకు నాలుగు మరలు బిగించే పని. పొద్దున వచ్చి టిఫిన్ వేళకు వెళ్లిపోవచ్చనుకుంటారు. కొత్తగా ఈ పనిలోకి దిగిన పిల్లలు కూడా అలాగే అనుకుంటున్నారని ఈ మధ్య తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను హిందూపురంలో వైరింగ్ కాంట్రాక్టరుగా బతికినవాణ్ణి. పేరు శ్రీనివాసులు, ఊళ్లో సీనప్ప అంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, వాటి మధ్యనున్న పల్లెలు, అంతవరకే నా రాజ్యం. నిచ్చెన ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోక పని మానుకున్నాను. ప్రమోషన్ల గురించి చెప్పుకోవడానికి నాది ఉద్యోగం కాదు. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలో, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో మీకు ఎవరైనా చెబుతారు. ఇల్లు ఎలా చూడాలో చెప్పేవాళ్లే తగ్గిపోయారు.

పాత ఇల్లు, కొత్త బండి

మన ఊళ్లలో ఇళ్లకు వైరింగ్ చేసిన రోజుల్లో కరెంటు బండి అనేది ఎవరి కలలోనూ లేదు. నాలుగు లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ, మిక్సీ. ఇస్త్రీ పెట్టె వేడెక్కితే తానే ఆగుతుంది. నీళ్ల మోటరును ట్యాంకు నిండగానే ఆపేస్తారు. బండి అలా కాదు, ఒకసారి తగిలించారంటే గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. పాత బోర్డులో ఎక్కడ మర వదులుగా ఉన్నా, ఎక్కడ వైరు సన్నగా ఉన్నా, అది వెతికి పట్టుకుంటుంది.

పెనుకొండలో ఒకాయన స్కూటరును వంటింటి బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ పెట్టెతో లాగి ఛార్జింగ్ పెట్టుకునేవాడు. నేను వెళ్లి ప్లగ్గు లాగి చూస్తే రాలేదు. లోపల కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది.

"ఏమప్పా, ప్లగ్గు ఊడిరాలేదే?" అన్నాను.

"ఊడదన్నా, బాగా పట్టుకోనుండాది" అన్నాడు, ఎంతో సంతోషంగా.

కాబట్టి ముందు మీటరు దగ్గర నిలబడండి. ఆ ఇంటికి ఎంత లోడు రాయించుకున్నారో చూడండి. చాలకపోతే పెంచుకోమని చెప్పండి, మొహమాటపడొద్దు. బండికి మీటరు నుంచి విడిగా లావు వైరు లాగండి, దానికి విడిగా ఒక స్విచ్చి, లీకేజీ వస్తే వెంటనే పడిపోయే ఇంకొక స్విచ్చి పెట్టండి. ఎండ, వాన నేరుగా తగలని గోడ చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ పెట్టెను ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. ఇదంతా కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చదువుకుంటే వస్తుంది.

పుస్తకంలో ఒక ముక్కలో తేల్చేసి, మన నేలలో మాత్రం ప్రాణం మీదికి తెచ్చే విషయం ఇంకొకటి ఉంది. అది ఎర్తింగ్. దాని గురించి నేను నేర్చుకున్నది ఒక్క మనిషి దగ్గరే.

ఖాదర్ మేస్త్రీ

ఖాదర్ మేస్త్రీది పెనుకొండ. ఐటీఐ అయ్యాక నేను చేరింది ఆయన దగ్గరే. పొడుగాటి మనిషి, గొంతు అంతకంటే పెద్దది. ముక్కు మీద కోపం. బోర్డు వంకరగా బిగిస్తే పీకించి మళ్లీ బిగించేవాడు, ఇంటాయన "పోనీలే" అన్నా వినేవాడు కాదు. నాకు ఆయనంటే భయం ఉండేది. భయం పోయాక గౌరవం మిగిలింది, అది ఈనాటికీ తగ్గలేదు.

కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఎవరైనా టీ ఇవ్వబోతారు. ఖాదర్ మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"టీ తరవాత తాగుతాంలేప్పా. ముందు జాలాడి యాడుండాదో చూపీ."

జాలాడి అంటే మా వైపు ఇంటి వెనక అంట్లు తోముకునే, నీళ్లు పోసుకునే చోటు. అక్కడ నిలబడి ఇంటామెను అడిగేవాడు. "అమ్మా, బియ్యం కడిగిన నీళ్లు యాడ పోస్తావు? అంట్లు తోమిన నీళ్లు యాడికి పోతాయి?" ఆమె చూపించిన చోట కాలితో గీత గీసి, "ఈడ తవ్వు సీనా" అనేవాడు.

ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు. ఎర్తింగ్ అంటే ఇనుప పైపును గుంతలో దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపి, దానికి ఇంటి వైరు కలపడం. ఎక్కడైనా వైరు చెడి, మోటరు ఇనుములోకి కరెంటు దిగిందనుకోండి. అది మనిషిని వదిలేసి నేలలోకి పోవాలి, ఆ దారే ఎర్తింగ్. ఆ దారి తడిగా ఉంటేనే పనిచేస్తుంది. మనది ఎర్ర గరుసు నేల, వాన ఇక్కడ చుట్టపుచూపుగా వచ్చిపోయే మనిషి. గుంత తవ్విన నెలలో బాగానే ఉంటుంది. ఎండాకాలం వచ్చేసరికి ఎండిపోయి పైపు ఉత్త పైపుగా మిగులుతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎర్తింగ్ లేకపోయినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది.

"గుంతలో నీళ్లు పొయ్యండి" అని చెప్పి వచ్చేవాళ్లు చాలామంది. పోసేవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఖాదర్ మేస్త్రీ ఆ ఇంట్లో నీళ్లు ఎటూ పడే చోటనే గుంత తవ్వేవాడు. అలాంటి చోటు లేకపోతే ఇంట్లో ఒకరిని పిలిచి ఆ పని అప్పగించేవాడు. ఆయన అప్పగించేది ఎప్పుడూ ఆడవాళ్లకే.

"మొగోళ్లకు చెప్తే రెండు దినాలు పోసి మరిచిపోతారు. దినామూ చెంబు పట్టుకునే చెయ్యి ఎవరిదో వాళ్లకే చెప్పాల" అనేవాడు.

ఒకసారి పెనుకొండలోనే ఒక ఇంట్లో ఆయన నేరుగా జాలాడి వైపు నడిస్తే, ఆ ఇంటి పెద్దాయన కర్ర తీసుకుని అడ్డం వచ్చాడు. "వైరింగ్ చేసేకి వచ్చినోనికి ఆడోళ్లు నీళ్లు పోసుకునే చోట ఏం పని?" అన్నాడు. నేను వైరు చుట్ట చంకన పెట్టుకుని వాకిలి వైపు రెండు అడుగులు వెనక్కి వేశాను. ఖాదర్ మేస్త్రీ కదల్లేదు.

"అయ్యా, కరెంటు ముందు పట్టుకునేది తడి చేతులనే. మీ ఇంట్లో పొద్దన్నుంచి మాపటి వరకూ తడి చేతుల్తో ఉండేది ఎవరు?" అన్నాడు.

పెద్దాయన కర్ర గోడకు ఆనించి, జాలాడి ముందు కట్టిన పాత చీరను తానే పక్కకు తొలగించాడు.

హిందూపురంలో ఆగ్నేయం మూల

అసలు కథకు పోయేముందు ఒక నవ్వు సంగతి. ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది కాబట్టి చెబుతున్నాను.

హిందూపురంలో నంజప్ప అని పట్టుగూళ్ల వ్యాపారి కరెంటు కారు కొన్నాడు. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే మనిషి. "దుడ్లు ఎంతైనా పోనీ సీనప్పా, పని మాత్రం గట్టిగా ఉండల్ల" అన్నాడు. కారు నిలిపే చోటు, మీటరు, గోడ అన్నీ ఒకే వైపు ఉన్నాయి. ఇంత సులువైన ఇల్లు దొరకదు అనుకున్నాను. ఇంతలో వాళ్ల వాస్తు సిద్ధాంతి వచ్చి, ఛార్జరు అగ్ని కాబట్టి ఆగ్నేయం మూలలోనే ఉండాలన్నాడు. ఆగ్నేయంలో బాత్రూము ఉంది. కారు అక్కడికి పోవాలంటే వంటిల్లు దాటి పోవాలి.

నేను సిద్ధాంతికి నమస్కారం పెట్టి అడిగాను. "సామీ, అగ్ని పుట్టేది యాడ? కరెంటును పట్టి ఆపే స్విచ్చి పెట్టెలో కదా?" ఆయన అవునన్నాడు. "అయితే ఆ పెట్టెను ఈ గోడ మీదే ఆగ్నేయం వైపుకు జరుపుతా. కారు దగ్గర ఉండేది ఉత్త ప్లగ్గు మూతి." ఆయన కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని ఒప్పుకున్నాడు. పెట్టె నాలుగు అడుగులు జరిగింది, నాకు కొంచెం వైరు ఎక్కువ పట్టింది.

వాస్తును వెక్కిరించకండి. మీరు వెక్కిరించి వచ్చేస్తే, ఆ ఇంట్లో ఇంకొకడు దూరి బాత్రూము గోడకే బిగించిపోతాడు. నంజప్ప కారు కడిగే నీళ్లు పడే చోటనే గుంత తవ్వాను. ఆ పనికి ఏ సిద్ధాంతీ అడ్డం రాలేదు.

ముక్క వైరు

ధర్మవరం నుంచి సునీత అనే ఆమె ఫోన్ చేసింది. సొంతూరు చెన్నేకొత్తపల్లి. చిన్నప్పుడే కుడికాలు చచ్చుబడింది, తొడ నుంచి మడమ దాకా ఇనుప పట్టీల బూటు వేసుకుని, రెండు చేతికర్రల సాయంతో నడుస్తుంది. ధర్మవరానికి కొంచెం దూరంలో ఒక పల్లె సచివాలయంలో ఉద్యోగం. ఇన్నాళ్లూ తమ్ముడు బండి మీద దింపి వచ్చేవాడు. తమ్మునికి హిందూపురం ఫ్యాక్టరీలో పని దొరికింది, వెళ్లిపోయాడు. బస్సు మెట్టు ఆమె ఎక్కలేదు. షేర్ ఆటోలో ఎవరో చంకల్లో చెయ్యి వేసి ఎత్తి కూర్చోబెడితే తప్ప కుదరదు. అది ఇష్టం లేక, వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన కరెంటు స్కూటరు కొనుక్కుంది.

బండి వచ్చింది. ఛార్జరు తగిలిస్తే ఎర్ర లైటు. ఛార్జింగ్ ఎక్కదు.

"సర్, షోరూమోళ్లు ఇల్లు బాగలేదంటారు. ఈడ ఎలక్ట్రీషియనేమో బండి బాగలేదంటాడు. ఎవరిది బాగలేదో మీరొచ్చి చెప్పండి" అంది. ఆ మాట తీరు నాకు నచ్చింది.

నేను వెళ్లేసరికి పచ్చ లైటు వెలుగుతోంది. ఎవరో వచ్చి బాగుచేసి పోయారట. ఆమె మొహంలో మాత్రం సంతోషం లేదు.

"ఛార్జింగ్ ఎక్కుతాంది సర్. కానీ పట్టీ బండికి తగిలితే కాలంతా జుమ్మంటాంది."

మెయిన్ ఆపి సాకెట్టు విప్పాను. లోపల చిటికెన వేలంత ముక్క వైరు ఒకటి, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ కలిపి ఉంది. పిల్లలూ, ఈ ముక్క వైరు గురించి మీరు జీవితాంతం గుర్తుపెట్టుకోవాలి. ఎర్త్ లేని ఇంట్లో ఛార్జరును మోసం చేయడానికి మన వాళ్లు కనిపెట్టిన మాయోపాయం ఇది. ఛార్జరు ఎర్త్ ఉందనుకుని పచ్చ లైటు వేస్తుంది. గాలికి స్తంభం మీద న్యూట్రల్ వైరు ఊడిందంటే, బండి ఇనుమంతా కరెంటే. ఆ ఇనుము మీద ఇనుప పట్టీ వేసుకున్న మనిషి కూర్చుంటుంది. ముక్క వైరు కత్తిరించి జేబులో వేసుకున్నాను. మెయిన్ వేయగానే ఎర్ర లైటు వచ్చింది.

"తీసేస్తే సోమవారం నేను ఎట్ల పోయేది సర్?" అంది సునీత. తమ్ముడు వెళ్లాక సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఆ సెలవు ఆదివారంతో ఆఖరు.

"తియ్యకుంటే నువ్వు పోవు తల్లీ, నీ ప్రాణం పోతుంది" అన్నాను. మాట కొంచెం కటువుగా వచ్చింది.

ఇంటాయన వెంకటేశులు పట్టుచీరల వ్యాపారి. మిద్దె మీద ఉంటాడు, కింద వాటా సునీతకు బాడుగకు ఇచ్చాడు. ఎర్త్ గుంత ఎక్కడుందని అడిగాను. కాలితో వాకిట్లో బండల మీద తట్టి చూపించాడు. "ఈ బండల కింద యాడో ఉండాది. ఇంటి ముందర మన్ను అగపడకూడదని మొత్తం పరిపించినా." మన ఊళ్లలో నాలుగు రాళ్లు సంపాదించిన ప్రతి మనిషీ చేసే పని ఇదే. అంగుళం మన్ను కనపడకుండా బండ పరిచి, వాననీళ్లను కూడా కాలువకు తోలేస్తాడు. కింద గుంత దాహంతో చచ్చిపోతుంది.

"ఒక బండ లేపి కొత్త గుంత తవ్వుదాం" అన్నాను.

"ఒకటి లేపితే పక్కన నాలుగు పగుల్తాయప్పా. నా వల్ల కాదు. ఆయమ్మికి అంత కష్టమైతే వేరే ఇల్లు చూసుకోమను."

ఆయన్ని మీరు దుర్మార్గుడనుకోవద్దు. సునీత బాడుగకు వస్తుందని తెలిసి, వాకిట్లో మెట్లు తీయించి వాలుగా బండ వేయించింది ఆయనే. ధర్మవరంలో మెట్టూ గడపా లేని ఇల్లు ఆమెకు దొరికింది ఇదొక్కటే. వేరే ఇల్లు అంటే ఉద్యోగం వదిలి చెన్నేకొత్తపల్లికి పోవడమే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ కరెంటు విషయంలో ఆయనకు నమ్మకం కుదరడం లేదు. లైట్లు వెలుగుతున్న ఇంట్లో ఏదో లోపం ఉందని ఎవరో చెబితే మీరూ నేనూ మాత్రం నమ్ముతామా?

గోడ మొదట్లో తడి

ఏం చేయాలో తోచక ఇంటి పక్క సందులో నిలబడ్డాను. ఖాదర్ మేస్త్రీ అయితే ఏం చేసేవాడు అనుకున్నాను. నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసేవాడు. ఈ ఇంట్లో నీటి చుక్క నేలను తాకే చోటే లేదు. అంతా పైపుల్లోంచి కాలువలోకే.

అలా చూస్తుంటే పక్కింటి వైపు ప్రహరీ గోడ కనబడింది. ఎండలు మండుతున్నాయి, ఊరంతా సున్నం రాలిపోతోంది. ఆ గోడ మొదట్లో మాత్రం మూరెడు మేర నల్లగా నెమ్ము ఎక్కి, పాచి పట్టి ఉంది.

"ఇదేంది వెంకటేశులన్నా?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చేసింది. "ఆ సంగతి అడగద్దప్పా. పక్కింటి అవ్వ దినామూ నా గోడ మొదట్లోనే నీళ్లు పోస్తుంది. ఎన్ని తూర్లు చెప్పినా ఇనదు. పెద్దమనుషుల్ని పిలిపించినా. వాళ్ల ముందరే ఇంగో చెంబు పోసింది."

నేను పక్కింటికి వెళ్లాను. మగ్గం ఉన్న ఇల్లు. అవ్వ పేరు ఆదెమ్మ, వాకిట్లో కూర్చుని కండెలకు పట్టు చుడుతోంది.

"ఎవరప్పా నువ్వు?"

"వైరింగ్ పని చేసేవాణ్ణి అవ్వా. ఆ గోడ దగ్గర నీళ్లు ఎందుకు పోస్తున్నావో కనుక్కుందామని."

ఆమె చుట్టడం ఆపింది. "ఖాదర్ సాబు మనిషివా?" అంది.

ఆ పేరు ఆమె నోట వస్తుందని నేను అనుకోలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను తల ఊపాను. ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, నన్ను గోడ పక్కకు తీసుకెళ్లింది. చుట్టూ పుదీన గుబురుగా పెరిగి ఉంది. దాన్ని చేత్తో తొలగిస్తే కింద ఇనుప పైపు మూతి, దానికి గట్టిగా బిగించిన వైరు కనిపించాయి. మన్ను నల్లగా, మెత్తగా ఉంది.

"మా ఇంటాయన ఒకతూరి తడి చేతుల్తో కండెలు చుట్టే మోటరు పట్టుకున్న్యాడు. ఇసిరి కొట్టింది. బతికినాడు గానీ ఆ చెయ్యి మళ్లా సరిగా మగ్గం మీద ఆడలే. అప్పుడు ఖాదర్ సాబు వచ్చి ఈ గుంత తవ్వినాడు. దినామూ చెంబు పట్టేది ఎవరని అడిగినాడు. నేనే అన్న్యా. ఈ గుంత ఎండబెట్టొద్దమ్మా, ఇది తడిగా ఉన్నన్ని దినాలు మోటరు మీ ఇంట్లో ఎవరినీ కొట్టదు అని చెప్పి పాయ. అంతే, పోస్తాండా."

"కరువు ఏండ్లలో కూడానా అవ్వా?"

"ట్యాంకరు రాని దినాల్లో బియ్యం కడిగిన నీళ్లు పోసినా. మాకు లేకపోయినా దీనికి పోసినా."

ఆ గుంత తవ్వినప్పుడు నేను పక్కన ఉన్నానో లేదో కూడా నాకు గుర్తు లేదు. మేము తవ్విన గుంతలకు లెక్క లేదు, తవ్వి టీ తాగి వచ్చేసేవాళ్లం. ఒక మనిషి చెప్పిన ఒక్క మాటను ఇంకొక మనిషి ఇన్నేళ్లు చెంబుతో మోసిందని తెలిస్తే ఎలా ఉంటుందో నేను రాసి చెప్పలేను.

"మరి ఈ సంగతి పక్కింటాయనకు చెప్పలేదా?"

"చెప్పకేమి? కరెంటుకు నీళ్లు పోస్తావా, పిచ్చి పట్టిందా అన్న్యాడు. ఇంగ గమ్మునైనా."

ఆయన తప్పు కూడా కాదు. కరెంటు దగ్గరికి నీళ్లు రాకూడదని చిన్నపిల్లలకు కూడా మనమే చెబుతాం. నేల కింద మాత్రం వాటి పొత్తు వేరు.

నా సంచిలో ఎర్త్ కొలిచే మీటరు ఉంది. కానీ మీటరు మనకోసం, ఇంటాయనకు బల్బు కావాలి. ఇది ఖాదర్ మేస్త్రీ నేర్పిన పద్ధతి. వెంకటేశులును పిలిచి సునీత గదిలో నూరు వాట్ల బల్బు ఒకటి కరెంటు వచ్చే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య తగిలించాను. లోపలి తీగ, చుట్ట నిప్పులా ఎర్రబడి ఊరుకుంది. తరవాత అవ్వ ఇంట్లో అలాగే తగిలించాను. మగ్గం మీద ఉన్న చీర జరీ మెరిసేంత వెలుగు వచ్చింది. ఈ పరీక్ష తెలిసినవాళ్లు చేయాల్సింది, ఇంటివాళ్లను ముట్టుకోనివ్వొద్దు.

వెంకటేశులు ఆ బల్బు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు.

"అవ్వా, నీ జాగాలో ఆ తడి పక్కనే ఇంకొక గుంత తవ్వుకుంటాం. గోడ కింద నుంచి వైరు ఆ పిల్ల ఇంట్లోకి తీసుకుపోతా. ఒప్పుకుంటావా?" అన్నాను.

అవ్వ నాకు జవాబు చెప్పలేదు, వెంకటేశులుకు చెప్పింది. "నీ మీద కోపంతో నేను నీళ్లు పోసింది లేదప్పా. ఆ పిల్ల కాలికి ఇనుము ఉండాది. నేను దినామూ చూస్తాండా. మోటరు ఇనుమే కదా మా ఇంటాయన్ని కొట్టింది. తవ్వుకోండి."

వెంకటేశులు నా వైపు తిరిగాడు. "తూటు చిన్నది కొట్టప్పా. గోడ బీటలు పారకుండా."

రెండో గుంతకు బొగ్గు, ఉప్పు, పైపు అన్నీ ధర్మవరంలోనే దొరికాయి. మీటరు నుంచి విడిగా వైరు లాగి, స్విచ్చిలు బిగించి, గోడ కింద నుంచి తెచ్చిన ఎర్త్ వైరు కలిపాను. ఎర్త్ కొలిచే మీటరు పెట్టి చూస్తే గట్టిగా ఉంది. ఛార్జరు తగిలించాం. పచ్చ లైటు వచ్చింది, ఈసారి నిజంగానే. సునీత కుర్చీలో కూర్చుని, ఇనుప పట్టీని నెమ్మదిగా బండికి ఆనించింది. మేం ముగ్గురం చూస్తున్నాం.

"జుమ్మనలే సర్" అంది.

సోమవారం పొద్దున ఆ వాలు బండ మీదుగా ఆమె బండి దిగి సందు మలుపు తిరుగుతుంటే అవ్వ, వెంకటేశులు ఎవరి వాకిట్లో వాళ్లు నిలబడి చూశారట. సునీతే ఫోన్ చేసి చెప్పింది. సచివాలయం ముందు తానే దిగి, తానే లోపలికి నడిచానని రెండుసార్లు చెప్పింది. ఎన్నో ఇళ్లకు లైట్లు వెలిగించాను గానీ, అంత తృప్తి నాకు ఏ పనిలోనూ రాలేదు.

చెంబు

పని మానుకున్నాక ఒకసారి మా చుట్టాలతో చీరలు కొనడానికి ధర్మవరం వెళ్లాను. వాళ్లను అంగట్లో వదిలి ఆ సందుకు నడిచాను. ఆదెమ్మ అవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. ఆ మనిషికి ఏమయిందో అన్నది ఒక భయం. చెంబు ఆగిపోతే గుంతలు రెండూ ఎండిపోతాయి, ఛార్జరులో ఎర్ర లైటు వస్తుంది, మళ్లీ ఎవడో ఒకడు ముక్క వైరు పట్టుకుని వస్తాడు, అది ఇంకొక భయం.

ఆ ఇంటి పక్కనున్న గేటు తెరిచి ఉంటే లోపలికి తొంగి చూశాను. వెంకటేశులు లుంగీ ఎగ్గట్టి, పుదీన మధ్య వంగి చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"అవ్వ తనకల్లుకు పోయింది సీనప్పా, మనవరాలి కాన్పని. గేటు తాళంచెవి నా చేతికే ఇచ్చి పోయింది. ఒక దినం మరిచిపోతే చాలు, ఫోన్ చేసి తిడ్తాది. ఆడ నుంచి ఎట్ల తెలుస్తాదో ఏమో."

"సునీత చెబుతుందేమో" అన్నాను.

"ఆ పిల్లే. రెండు చేతులా కట్టెలు పట్టుకుని పుదీనలోకి వచ్చేకి కాదు కదా. నేను పోసినానా లేదా అని వాకిట్లోంచి చూస్తాది."

గోడ వైపు చూశాను. నెమ్ము ముందుకంటే ఎక్కువైంది. కొత్త గుంతకు కూడా నీళ్లు పడుతున్నాయి కదా, తడి మూరెడు దాటి నడుము ఎత్తుకు పాకింది. ఊరికే ఉండలేక అడిగాను.

"మరి నీ గోడో?"

"గోడకేముందిలేప్పా, ఉగాదికి సున్నం కొడితే సరిపోతాది" అన్నాడు వెంకటేశులు. "ఆ పిల్లను కరెంటు కొడితే దేంతో పూసేది?"

వంగి, చెంబులో అడుగున మిగిలిన నీళ్లు కూడా పైపు చుట్టూ పోశాడు.